బ్యాండ్ వచ్చింది సరే, ఆ డీఎన్ఏ ఎవరిది? (పొలంలో పట్టిన పురుగుల్లో వోల్బాకియా పరీక్ష)

ఆముదంచేను | శనివారం, రాత్రి 9:40

అందరికీ నమస్కారం. నల్గొండ జిల్లాలో ఒక డిగ్రీ కాలేజీలో జువాలజీ చెబుతాను. ఈ ఏడాది ఫైనలియర్ పిల్లలతో ఒక ప్రాజెక్టు మొదలుపెట్టాం. ఊళ్ళో, చేలల్లో దొరికే పురుగుల్లో వోల్బాకియా అనే బ్యాక్టీరియా ఉందో లేదో పీసీఆర్‌తో (వెతికే డీఎన్ఏ ముక్కని లక్షల రెట్లు పెంచే పద్ధతి) చూడటం. అమెరికాలో బడిపిల్లలతో చాలా ఏళ్ళుగా చేయిస్తున్న వోల్బాకియా ప్రాజెక్టు పద్ధతినే తీసుకున్నాం. ఒక్కో పురుగు డీఎన్ఏని రెండు జతల ప్రైమర్లతో (వెతికే జన్యువుకి అతుక్కునే చిన్న డీఎన్ఏ ముక్కలు) పరీక్షిస్తాం. మొదటి జత పురుగు సొంత సీవో1 జన్యువుకి అతుక్కుంటుంది, జెల్ మీద దాని గీత, అంటే బ్యాండ్, దాదాపు 700 బేసుల (డీఎన్ఏ అక్షరాల) దగ్గర వస్తుంది. రెండో జత వోల్బాకియా 16ఎస్ జన్యువుకి, అది 438 బేసులు.

మొత్తం 12 పురుగులు. మెడికల్ షాపులో కొన్న స్పిరిట్‌లో మూడు వారాలు ఉంచాం. మొదటి జెల్ (డీఎన్ఏ ముక్కల్ని పొడవుని బట్టి వేరుచేసే పలక) ఇలా వచ్చింది:

బాత్రూమ్ గోడ మీద పట్టిన క్యూలెక్స్ దోమలు మూడు: మూడింటికీ రెండు బ్యాండ్లూ.
అరటిపండ్ల మీద ముసిరే చిన్న ఈగలు రెండు: రెండింటికీ రెండు బ్యాండ్లూ.
అక్షింతల పురుగు: పురుగు బ్యాండ్ ఉంది, వోల్బాకియా లేదు.
సీతాకోకచిలుక (ఒక కాలు మాత్రమే తీశాం): పురుగు బ్యాండ్ ఉంది, వోల్బాకియా లేదు.
ఆముదం చేలో దొరికిన దాసరి పురుగు (ఆకు తినే గొంగళి): పురుగు బ్యాండ్ ఉంది, వోల్బాకియా చాలా పల్చగా.
పేడపురుగు, మిడత, ఇంటి ఈగ, నల్లచీమ: రెండూ లేవు.

పిల్లలు ఈ చివరి నాలుగింటినీ రికార్డులో "నెగటివ్" అని రాసేశారు. అలా రాయొచ్చా? ఇంకో చిన్న విషయం. పురుగు డీఎన్ఏ లేకుండా నీళ్ళు మాత్రమే వేసిన లేన్‌లో (జెల్ మీద ఒక వరుస) కూడా 438 దగ్గర పల్చటి గీత కనిపించింది. అంత పల్చనిది లెక్కలోకి రాదని వదిలేశాం. లక్షలు ఖర్చుపెట్టే ల్యాబ్ కాదు మాది, ఉన్న రసాయనాలతో ఇంకో రెండు మూడు సార్లు చేయగలం అంతే. ఎక్కడ సరిదిద్దుకోవాలో దయచేసి చెప్పండి.

పిప్పెట్_పట్టిన_చేయి | శనివారం, రాత్రి 10:25

మేడం, మీరు చివర్లో "చిన్న విషయం" అన్నదే ఇందులో అన్నిటికంటే పెద్దది. నీళ్ళ లేన్‌లో బ్యాండ్ వచ్చిందంటే ఆ రోజు జెల్ మీద వచ్చిన ఒక్క వోల్బాకియా బ్యాండ్‌ని కూడా నమ్మడానికి లేదు. దోమలవి కూడా. పీసీఆర్ ఒక్కో సైకిల్‌కీ డీఎన్ఏని రెట్టింపు చేసుకుంటూ పోతుంది. 35 సైకిళ్ళు తిప్పితే ఎక్కడినుంచో పడ్డ నాలుగైదు ముక్కలు కూడా కంటికి కనిపించే గీత అవుతాయి. పల్చగా ఉంది కదా అని వదిలేస్తే, రేపు దాసరి పురుగులో వచ్చిన పల్చటి బ్యాండ్‌ని ఏ మొహంతో నమ్ముతాం?

నాలుగు పురుగుల సంగతి: అవి నెగటివ్ కాదు. పురుగు సొంత డీఎన్ఏయే రాలేదంటే మీ ట్యూబులో పనికొచ్చే డీఎన్ఏ లేదు, లేదా పీసీఆర్‌ని ఏదో అడ్డుకుంది. అక్కడ వోల్బాకియా ఉందో లేదో మీ పరీక్ష ఏమీ చెప్పలేదు. "ఫలితం రాలేదు" అని రాయించండి. "లేదు" వేరు, "తెలియలేదు" వేరు. ఈ తేడా పిల్లలకి ఇప్పుడే ఒంటపట్టాలి.

ఇవి చెప్పండి:
పురుగు మొత్తం నూరారా, పొట్ట భాగం మాత్రమేనా?
పాజిటివ్ కంట్రోల్ (వోల్బాకియా ఉందని ముందే తెలిసిన డీఎన్ఏ) ట్యూబు ఎప్పుడు తెరిచారు, ముందా, చివరా?
డీఎన్ఏ ఏ పద్ధతిలో తీశారు?

ఇద్దరు_పిల్లల_తల్లి | ఆదివారం, ఉదయం 7:15

మా అమ్మాయి కూడా బీఎస్సీ చదువుతోంది, అందుకని ఆసక్తిగా చదువుతున్నాను. ఈ వోల్బాకియా మనుషులకి అంటుకుంటుందా? పిల్లలు చేత్తో పురుగుల్ని పట్టుకుంటున్నారు కదా, నాకు టెన్షన్‌గా ఉంది.

ఆముదంచేను | ఆదివారం, ఉదయం 8:50

అమ్మా, ఆ భయం అక్కర్లేదు. వోల్బాకియా పురుగుల కణాల లోపల బతికేది, బయట బతకలేదు, మనుషులకి సోకదు. తల్లి పురుగు గుడ్డు ద్వారా పిల్లలకి పోతుంది. తండ్రి నుంచి రాదు. అందుకే అది తన బతుకు కోసం మగవాటితో రకరకాలుగా ఆడుకుంటుంది. కొన్ని జాతుల్లో మగపిల్లల్ని గుడ్డులోనే చంపేస్తుంది. కొన్ని చిన్న కందిరీగల్లో మగవే అవసరం లేకుండా ఆడవి ఆడవాటినే కనేలా చేస్తుంది. దోమల్లో అయితే, ఈ బ్యాక్టీరియా ఉన్న మగది, లేని ఆడదానితో కలిస్తే ఆ గుడ్లు పొదగవు.

దీన్ని మొదట చూసింది 1924లో హెర్టిగ్, వోల్బాక్ అనే ఇద్దరు, అమెరికాలో మామూలు క్యూలెక్స్ దోమల్లో. 1936లో హెర్టిగ్ దానికి వోల్బాకియా పిపియెంటిస్ అని పేరు పెట్టాడు. తర్వాత చాలా కాలం ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. బర్మాలో రంగూన్ దగ్గర ఓక్పో అనే ఊళ్ళో లావెన్ అనే శాస్త్రవేత్త వేరే రకం మగ క్యూలెక్స్ దోమల్ని వదిలి, ఆ ఊరి దోమల గుడ్లు పొదగకుండా చేసి చూపించాడు. ఆ సంగతి 1967లో అచ్చయింది. కానీ గుడ్లు ఎందుకు పొదగడం లేదో అప్పటికి తెలియదు. 1970ల మొదట్లో యెన్, బార్ అనేవాళ్ళు ఆ దోమలకి టెట్రాసైక్లిన్ పెట్టి చూస్తే కారణం వోల్బాకియా అని తేలింది. పుస్తకంలో ఒక పేరాగా చదివితే పిల్లలకి ఇది గుర్తుండదు. వాళ్ళ ఇంటి బాత్రూమ్ దోమలోనే ఆ బ్యాక్టీరియా కనిపిస్తే జన్మలో మర్చిపోరు. నా ఆరాటం అంతా అందుకే.

పిప్పెట్ గారూ, మీ ప్రశ్నలకి పిల్లల్ని అడిగి సాయంత్రం రాస్తాను.

రెక్కల_లెక్క | ఆదివారం, మధ్యాహ్నం 12:30

మేడం, సీతాకోకచిలుకని చంపకుండా ఒక్క కాలు తీసుకుని వదిలేసినందుకు ముందుగా మీకూ మీ పిల్లలకీ దండం. నేను పదేళ్ళుగా నల్లమల అంచున సీతాకోకచిలుకల లెక్క రాస్తున్నాను. జాతిని గుర్తించడానికి ఒక కాలు చాలు, సీవో1 బాగానే వస్తుంది. అయితే వోల్బాకియా ఎక్కువగా ఉండేది అండాశయాల్లో. కాల్లో అది చాలా తక్కువగా ఉండొచ్చు, లేకపోవచ్చు కూడా. కాబట్టి "కాల్లో కనిపించలేదు" అనే రాయాలి, "సీతాకోకచిలుకలో లేదు" అని కాదు.

మీకు దొరికింది ఏ జాతి? నల్లటి రెక్కల మీద తెల్లటి మచ్చలు, చుట్టూ నీలం మెరుపు ఉన్నది హైపోలిమ్నాస్ బొలీనా అయితే దానికో పెద్ద కథ ఉంది. పసిఫిక్‌లో సమోవా దీవుల్లో వోల్బాకియా ఈ జాతి మగవాటిని గుడ్డులోనే చంపేసేది. 2001లో అక్కడ వందకి ఒకటి మాత్రమే మగది. 2006 నాటికి వందకి దాదాపు 40 మగవి. బ్యాక్టీరియా పోలేదు, అలాగే ఉంది. దాన్ని తట్టుకునే జన్యువు సీతాకోకచిలుకల్లో వ్యాపించింది. ఏడాదికి పది తరాలైనా ఉంటాయనుకున్నా, ఇంత తక్కువ కాలంలో ఇంత మార్పు మన కళ్ళముందే జరగడం నాకు ఇప్పటికీ ఒళ్ళు జలదరించే సంగతి.

ఇంకొకటి. కొన్ని సీతాకోకచిలుకలు 1972 వన్యప్రాణి చట్టం పట్టికల్లో ఉన్నాయి. పిల్లలకి వల ఇచ్చే ముందు ఏ జాతుల్ని ముట్టుకోకూడదో ఫొటోలతో చూపించండి. రోడ్డు పక్కన వాహనాలకి తగిలి చచ్చినవి తాజాగా దొరికితే అవే మేలు.

ఆముదంచేను | ఆదివారం, రాత్రి 9:05

రెక్కల గారూ, అది నిమ్మ చెట్టు మీద వాలేది, బొలీనా కాదు. కాలు సంగతి రికార్డులో అలాగే మార్పించాను.

పిప్పెట్ గారూ, ఇవిగో జవాబులు. చిన్నవాటిని మొత్తంగా నూరాం. పేడపురుగు, మిడతల నుంచి ఒక పెద్ద ముక్క తీశాం. డీఎన్ఏకి మామూలు స్క్విష్ బఫర్ (పురుగుని నలిపి డీఎన్ఏ బయటికి తీసే ద్రావణం) వాడాం: ట్రిస్, ఈడీటీఏ, ఉప్పు, ప్రొటీనేజ్ కే. 37 డిగ్రీల్లో అరగంట, తర్వాత 95లో రెండు నిమిషాలు. ఇక పాజిటివ్ కంట్రోల్ గురించి అడిగితే మా పిల్ల ఒకమ్మాయి నెమ్మదిగా చెప్పింది: "మేడం, అది సరిగ్గా పనిచేస్తుందో లేదో అని ముందు దాన్నే వేశాను. తర్వాత అదే పిప్పెట్‌తో నీళ్ళు తీశాను. టిప్ మార్చాను కానీ సీసా మూత తీసే ఉంది." ఏడ్చినంత పని చేసింది పాపం. నిజం చెప్పినందుకు మెచ్చుకున్నాను. దాచి ఉంటే ఈ నెలంతా అబద్ధపు బ్యాండ్లు లెక్కపెడుతూ ఉండేవాళ్ళం.

పిప్పెట్_పట్టిన_చేయి | సోమవారం, ఉదయం 6:40

ఆ అమ్మాయికి నా తరఫున కూడా చెప్పండి. మా ల్యాబులో పీహెచ్‌డీ చేసినవాళ్ళకి కూడా ఇది జరిగింది. నేను రెండు నెలల పని అలా పారబోశాను.

రెండోసారి ఇలా చేయండి. పాత నీళ్ళు, పాత మిక్స్ అన్నీ పారేయండి, కొత్త సీసాలు తెరవండి. రియాక్షన్ మిక్స్ కలిపే బల్ల, డీఎన్ఏ వేసే బల్ల, జెల్ నడిపే బల్ల మూడూ వేరువేరుగా ఉండాలి. మూడు గదులు లేకపోతే గదికి మూడు మూలలైనా చాలు. జెల్ దగ్గర వాడిన పిప్పెట్ మిక్స్ దగ్గరికి రానే కూడదు, ఎందుకంటే అక్కడ ఒక్కో చుక్కలో కోట్ల కాపీలు ఉంటాయి. నీళ్ళ ట్యూబుని అన్ని పురుగుల తర్వాత మూయండి, పాజిటివ్‌ని అందరికంటే చివర తెరవండి. ఇంకో ఖాళీ కంట్రోల్ కూడా పెట్టండి: పురుగు లేకుండా ఖాళీ ట్యూబులో బఫర్ వేసి, నూరడం నుంచి చివరిదాకా అన్నీ దానికీ చేయండి. మురికి పీసీఆర్‌లో పడిందా, డీఎన్ఏ తీసేటప్పుడే పడిందా అనేది అది చెబుతుంది.

పేడపురుగు గురించి: ఆ నల్లటి పెంకులో ఉండే మెలనిన్ పీసీఆర్‌ని ఆపేస్తుంది. ఈగల కళ్ళ రంగు కూడా అంతే. తల, రెక్కలు, పెంకు తీసేసి ఆడపురుగు పొట్ట భాగం చిన్న ముక్క తీసుకోండి. పెద్ద ముక్క వేస్తే ఎక్కువ డీఎన్ఏ వస్తుందనుకుంటాం, నిజానికి అడ్డుపడేవీ ఎక్కువే వస్తాయి. వచ్చిన డీఎన్ఏని నీళ్ళలో పదింతలు పల్చబరిచి ఇంకో ట్యూబు కూడా పెట్టండి. చిక్కటిది పనిచేయకుండా పల్చటిది పనిచేసిందంటే అడ్డు ఉన్నట్టే.

స్పిరిట్ వద్దు. అందులో ఆల్కహాల్ ఎంత, ఇంకా ఏం కలిసిందో మనకి తెలియదు. 95 శాతం ఇథనాల్ కావాలి. కాలేజీకి ఎక్సైజ్ పర్మిట్ లేక అది దొరకదంటారా, అయితే పురుగుని పట్టిన వెంటనే పొడి ట్యూబులో వేసి ఐస్ డబ్బాలో తెచ్చి ఫ్రీజర్‌లో పెట్టండి. ఫార్మలిన్ మాత్రం దగ్గరికి రానివ్వకండి.

అట్లాంటా_తెలుగు | సోమవారం, రాత్రి 11:50

నేను ఇక్కడ ఒక యూనివర్సిటీలో కీటకాల ల్యాబులో పనిచేస్తున్నాను, సొంత ఊరు సూర్యాపేట. మీ ఊళ్ళ పురుగుల పేర్లు ఇక్కడ చదువుతుంటే చాలా సంతోషంగా ఉంది.

మీ అరటిపండు ఈగల గురించి ఒక మాట. ముందు పేరు సంగతి: మన వ్యవసాయం వాళ్ళు పండు ఈగ అంటే కాయకి బెజ్జం పెట్టి గుడ్లు పెట్టే పెద్ద ఈగ. మీవి అవి కావు, డ్రోసోఫిలా. వాటిలో ఏ జాతి? మన ఇళ్ళలో ఎక్కువగా దొరికేవాటిలో డ్రోసోఫిలా అననాసే ఒకటి. అదే అయితే మీరు నీళ్ళ లేన్ శుభ్రం చేసినా సరే ఒక చిక్కు మిగులుతుంది.

2007లో తెలిసిన సంగతి ఇది. కొన్ని అననాసే ఈగల్లో వోల్బాకియా జన్యువుల మొత్తం, దాదాపు అంతా, ఈగ సొంత క్రోమోజోములోనే కలిసిపోయి ఉంది. యాంటీబయాటిక్ పెట్టి బ్యాక్టీరియాని పూర్తిగా చంపేసినా ఆ ఈగల్లో వోల్బాకియా బ్యాండ్ వస్తూనే ఉంటుంది! అంటే ట్యూబులో కనిపించేది ఈగలో బతికున్న బ్యాక్టీరియాదా, ఎప్పుడో చేరి ఈగ ఆస్తిగా మారిపోయిన డీఎన్ఏదా అన్నది ఒక్క పీసీఆర్ చెప్పలేదు.

మీ దగ్గర మైక్రోస్కోపు రంగులు, ఖరీదైన పరికరాలు అక్కర్లేకుండా తేల్చే దారి ఉంది. ఒక్కో ఆడ ఈగని ఒక్కో సీసాలో పెట్టి విడివిడిగా సంతతి పెంచండి. 25 డిగ్రీల దగ్గర పది పన్నెండు రోజుల్లో తరం తిరుగుతుంది. ఏ సీసాలోనైనా బ్యాండ్ రాని సంతతి దొరికితే ఆ ఆడవాటిని, బ్యాండ్ వచ్చే సంతతి మగవాటితో కలపండి. పుట్టిన పిల్లల్లో బ్యాండ్ వచ్చిందా? బ్యాక్టీరియా తండ్రి నుంచి రాదు, క్రోమోజోము వస్తుంది. బ్యాండ్ వస్తే అది క్రోమోజోములోని డీఎన్ఏ. అన్ని సీసాలూ పాజిటివ్ అయితే మేతలో టెట్రాసైక్లిన్ కలిపి రెండు మూడు తరాలు నడిపి మళ్ళీ చూడండి. బతికున్న బ్యాక్టీరియా అయితే పోతుంది, క్రోమోజోములోది పోదు.

చీనీతోట_అనంత | మంగళవారం, ఉదయం 5:55

సార్లూ మేడాలూ, నేను రైతుని. అనంతపురం జిల్లాలో ఏడెకరాల చీనీ తోట. ఆకు పసుపు మచ్చలు పడి, కొమ్మ ఎండి, కాయ ఒక పక్కకి వంకరగా వస్తోంది. గ్రీనింగ్ తెగులు అంటున్నారు, కొందరు జింకు లోపం అంటున్నారు. లేత చిగుళ్ళ మీద సిల్లా పురుగులు (రసం పీల్చే చిన్నవి) ఉన్నాయి. మీరు చేసే పరీక్షలాంటిది ఆ పురుగుకి చేస్తే తెగులు ఉందో లేదో తెలుస్తుందా? పోయినేడు ఒకాయన పురుగు పట్టుకుపోయి "బ్యాక్టీరియా ఉంది" అని కాగితం ఇచ్చాడు, డబ్బు తీసుకున్నాడు. ఏ బ్యాక్టీరియా అని అడిగితే చెప్పలేదు.

పిప్పెట్_పట్టిన_చేయి | మంగళవారం, ఉదయం 9:20

అన్నా, మీరు అడిగిన ప్రశ్న సరైన ప్రశ్న. "బ్యాక్టీరియా ఉంది" అనే కాగితం పనికిరాదు. ప్రతి పురుగులోనూ బ్యాక్టీరియా ఉంటుంది, పేగుల్లోనైనా ఉంటుంది. అన్ని బ్యాక్టీరియాలకీ అతుక్కునే ప్రైమర్లు వేస్తే ఏ పురుగుకైనా బ్యాండ్ వస్తుంది. పైగా సిల్లా పురుగులో దాని మేతకి తోడ్పడే కార్సొనెల్లా, ఇంకా ప్రాఫ్టెల్లా అనే బ్యాక్టీరియాలు పుట్టుకతోనే ఉంటాయి. వోల్బాకియా కూడా ఉంటుంది. ఇవేవీ మీ చెట్టుకి హాని చేయవు. గ్రీనింగ్‌కి కారణం లిబెరిబాక్టర్ ఏషియాటికస్ అనే బ్యాక్టీరియా, సిల్లా పురుగే దాన్ని చెట్టు నుంచి చెట్టుకి మోస్తుంది. దానికి మాత్రమే అతుక్కునే ప్రైమర్లతో చేశారా అని అడగాలి.

ఈ బ్యాక్టీరియాని ల్యాబులో మామూలుగా పెంచడం కుదరదు, అందుకే డీఎన్ఏ పరీక్షే దిక్కు. పురుగులో అది చాలా తక్కువగా ఉండొచ్చు కాబట్టి మామూలు పీసీఆర్ కంటే రియల్‌టైమ్ పీసీఆర్ నయం. అది డీఎన్ఏ పెరుగుతున్నప్పుడే కొలుస్తుంది, కొద్దిపాటి కూడా దొరుకుతుంది. పది పురుగుల్లో ఒకదానిలోనే ఉండొచ్చు. అందుకని తోటలో నాలుగు వైపుల నుంచి, వేరువేరు చెట్ల చిగుళ్ళ నుంచి పట్టి, కొన్నిటిని కలిపి ఒక్కో గుంపుగా పరీక్షిస్తారు.

అమెరికాలో ఫ్లోరిడాకి సిల్లా పురుగు 1998లో వచ్చింది, తెగులు 2005లో బయటపడింది. అక్కడి అనుభవంలో తేలింది ఏమిటంటే, చెట్టు మీద లక్షణాలు కనిపించక ముందే పురుగులో బ్యాక్టీరియా దొరుకుతుంది. చెట్టుకి పైకి కనిపించడానికి నెలలు, ఏళ్ళు కూడా పట్టొచ్చు. కాబట్టి పురుగుని పరీక్షించడం చాలా విలువైన పని. కానీ మీ చెట్టు ఆకు పసుపుబారడానికి కారణం ఇదేనా అని తేలాలంటే ఆకు కాడ, నడిమి ఈనె కూడా పంపాలి. జింకు లోపం అయితే మచ్చలు నడిమి ఈనెకి రెండు వైపులా ఒకేలా ఉంటాయి. గ్రీనింగ్‌లో ఒక వైపు ఒకలా, ఇంకో వైపు ఇంకోలా ఉంటాయి. కాయ వంకర అన్నారు కాబట్టి ఆలస్యం చేయొద్దు. తిరుపతిలోని చీనీ, నిమ్మ పరిశోధన స్థానం వాళ్ళని కలవండి. నాగ్‌పూర్‌లో కేంద్ర నిమ్మజాతి పంటల పరిశోధన సంస్థ కూడా ఉంది. వెళ్ళేముందు నమూనా ఎలా తేవాలో ఫోన్‌లో అడగండి, ఎండకి వాడిన ఆకు తీసుకెళ్తే శ్రమ వృథా.

చీనీతోట_అనంత | మంగళవారం, రాత్రి 8:10

ఇంత వివరంగా ఎవరూ చెప్పలేదన్నా. ఈనెకి రెండు వైపులా పొద్దున టార్చి వేసి చూశాను. ఒకేలా లేవు. గురువారం తిరుపతి పోతున్నా.

దోమల_డ్యూటీ | బుధవారం, సాయంత్రం 6:30

మలేరియా విభాగంలో 22 ఏళ్ళుగా పనిచేస్తున్నాను. ఇంటింటికీ తిరిగి కుండీలు, కూలర్లు తిప్పి చూసే పని. డెంగీని అడ్డుకోవడానికి వోల్బాకియా ఎక్కించిన దోమలు వదులుతారట అని జనం నన్నే అడుగుతుంటారు. ఇండోనేషియాలో యోగ్యకర్త నగరంలో వదిలిన చోట డెంగీ కేసులు 77 శాతం తగ్గాయని, మన పుదుచ్చేరిలో వెక్టర్ కంట్రోల్ పరిశోధన కేంద్రం కూడా అలాంటి దోమల్ని తయారుచేసిందని చదివాను. మా దగ్గర పట్టే ఏడిస్ దోమల్లో అసలు ఇప్పటికే వోల్బాకియా ఉందేమో మేడం వాళ్ళ కాలేజీలో చూడగలరా?

అట్లాంటా_తెలుగు | బుధవారం, రాత్రి 10:15

మీ ఉద్యోగం ఎంత కష్టమో తెలుసండీ, మా పెదనాన్న అదే చేసేవారు.

డెంగీకి ప్రధాన కారణమైన ఏడిస్ ఈజిప్టైలో వోల్బాకియా సహజంగా ఉండదనే ఎక్కువమంది నమ్మకం. దానికి దగ్గర జాతి అయిన పులిచారల దోమ, అంటే ఏడిస్ ఆల్బోపిక్టస్‌లో, ఉంటుంది. యోగ్యకర్తలో వదిలిన దోమల్లో ఉన్నది డ్రోసోఫిలా మెలనోగాస్టర్ నుంచి ఎక్కించిన రకం. కొన్ని దేశాల్లో, మన దేశంలో కూడా, బయట పట్టిన ఈజిప్టైలో సహజంగానే వోల్బాకియా దొరికిందని పేపర్లు వచ్చాయి. 2020లో ఆస్ట్రేలియా పరిశోధకులు వాటన్నిటినీ తిరగేసి, పీసీఆర్ బ్యాండ్ ఒక్కటే చాలదన్నారు. తల్లి నుంచి పిల్లలకి పోతోందా, యాంటీబయాటిక్‌తో పోతుందా, కణాల్లో కంటికి కనిపిస్తుందా అనేవి చూపించాలి అన్నారు. నీళ్ళలో లార్వా ఇంకో పురుగుని తిని ఉండొచ్చు, ఒంటి మీద పురుగు ఉండొచ్చు, ల్యాబులో కలిసి ఉండొచ్చు. మేడం మొదటి జెల్‌లో చూశాం కదా, ఎంత తేలిగ్గా జరుగుతుందో.

వదిలిన చోట మాత్రం ఈ పరీక్షే ఆయువుపట్టు. వారం వారం ఉచ్చుల్లో పడ్డ దోమల్ని ఒక్కొక్కటిగా పీసీఆర్ చేసి, ఎన్నిటిలో వోల్బాకియా ఉందో చూస్తూ ఉంటేనే అది ఊళ్ళో నిలిచిందో లేదో తెలుస్తుంది.

ఆముదంచేను | మూడు వారాల తర్వాత, శుక్రవారం, రాత్రి 9:30

ఆలస్యానికి మన్నించండి. మధ్యలో పరీక్షలు వచ్చాయి.

రెండో జెల్ చేశాం. నీళ్ళ లేన్ శుభ్రంగా, నల్లగా ఉంది! ఖాళీ బఫర్ ట్యూబు కూడా. ఆ అమ్మాయే యూవీ డబ్బా మీద జెల్ పెట్టి, కళ్ళద్దాలు సరిచేసుకుని చాలాసేపు వంగి చూసి, "మేడం, ఏమీ లేదు" అంది. ఏమీ లేదు అనే మాటకి క్లాసంతా చప్పట్లు కొట్టడం నేను మొదటిసారి చూశాను.

క్యూలెక్స్ మూడూ మళ్ళీ పాజిటివ్, ఈసారి గట్టిగా. పేడపురుగు పొట్ట చిన్న ముక్క తీసి పదింతలు పల్చబరిస్తే పురుగు బ్యాండ్ వచ్చింది, వోల్బాకియా రాలేదు. చిక్కటి ట్యూబులో ఈసారి కూడా ఏదీ రాలేదు. పిప్పెట్ గారు చెప్పినట్టే. చీమ, ఇంటి ఈగ కొత్తవి పట్టి ఐస్‌లో తెచ్చాం, రెండింటికీ పురుగు బ్యాండ్ వచ్చింది. చీమకి వోల్బాకియా కూడా. మిడత మాత్రం ఇంకా "ఫలితం రాలేదు" గానే ఉంది.

అసలు రాయాలనుకున్నది దాసరి పురుగు గురించి. పాత దాసరి పురుగు డీఎన్ఏలో పల్చటి వోల్బాకియా బ్యాండ్ మళ్ళీ వచ్చింది. నీళ్ళు శుభ్రం, కంట్రోళ్ళన్నీ సరిగ్గా ఉన్నాయి. అయినా ఎందుకో నమ్మబుద్ధి కాలేదు. అదే చేలోంచి ఇంకో తొమ్మిది పురుగుల్ని తెచ్చి, ఒక్కోదాన్ని ఒక్కో హార్లిక్స్ సీసాలో ఆముదం ఆకు వేసి పెట్టాం. ఐదో రోజు ఒక సీసాలో పురుగు ఆకు తినడం మానేసి కదలకుండా ఉండిపోయింది. చూస్తే వెనక కాళ్ళ మధ్య వడ్లగింజంత గోధుమ రంగు గూడు అంటుకుని ఉంది. వారం తిరక్కుండా దాని మూత గుండ్రంగా తెరుచుకుని ఒక చిన్న నల్ల కందిరీగ బయటికొచ్చింది. తొమ్మిదింటిలో మూడు సీసాల్లో ఇలాగే జరిగింది.

ఆ కందిరీగల్ని పరీక్షిస్తే మూడింటికీ వోల్బాకియా బ్యాండ్, గట్టిగా. గూడు రాని ఆరు దాసరి పురుగులకీ పురుగు బ్యాండ్ వచ్చింది, వోల్బాకియా ఒక్కదానికీ రాలేదు. అంటే మేం మొదట నూరినదాని పొట్టలో అప్పటికే కందిరీగ పిల్ల ఉండి ఉంటుంది. రైతుకి మేలు చేసే పురుగుని కూడా కలిపి నూరి, దాని బ్యాక్టీరియాని దాసరి పురుగు ఖాతాలో రాశాం.

రెక్కల_లెక్క | శుక్రవారం, రాత్రి 9:52

మేడం, గూడు ఫొటో ఉంటే పెట్టండి. ఆ పురుగు, గూడు, కందిరీగ మూడూ ఒకే ఫొటోలో ఉంటే ఇంకా మంచిది.

పిప్పెట్_పట్టిన_చేయి | శుక్రవారం, రాత్రి 10:30

చదివి లేచి నిలబడ్డాను. ఇంకొక్క పని చేయండి. పాత దాసరి పురుగు డీఎన్ఏ మిగిలి ఉంటే, దాని వోల్బాకియా బ్యాండ్‌ని జెల్ నుంచి కోసి సీక్వెన్సింగ్‌కి (డీఎన్ఏ అక్షరాల వరుస చదవడానికి) పంపండి. కందిరీగ బ్యాండ్‌ని కూడా. రెండూ అక్షరం అక్షరం ఒకటే అయితే మీ అనుమానానికి గట్టి ఊతం. 16ఎస్ అన్ని రకాల్లోనూ దగ్గరదగ్గరగానే ఉంటుంది కాబట్టి, వీలైతే వోల్బాకియా డబ్ల్యూఎస్‌పీ జన్యువు కూడా చేయండి. అది రకానికి రకానికి బాగా మారుతుంది, దాదాపు 600 బేసులు. వచ్చిన వరుసని బ్లాస్ట్‌లో (డీఎన్ఏ వరుసల్ని పోల్చే కంప్యూటర్ సాధనం) వేస్తే దేనికి దగ్గరో కనిపిస్తుంది. సీక్వెన్సింగ్ ఖర్చు కాలేజీకి కష్టమైతే నాకు మెసేజ్ పెట్టండి, మా గైడ్‌ని అడుగుతాను.

దోమల_డ్యూటీ | శనివారం, ఉదయం 6:05

మా డివిజన్‌లో పట్టిన ఏడిస్ దోమలు ఇరవై, పట్టిన ఇంటి నంబరు, తేదీ వేసి ఒక్కోదాన్ని ఒక్కో ట్యూబులో ఫ్రీజర్‌లో పెట్టాను మేడం. మీరు ఎప్పుడంటే అప్పుడు ఐస్ డబ్బాలో తెస్తాను. ఆల్బోపిక్టస్ ఎన్ని, ఈజిప్టై ఎన్ని అన్నది భూతద్దంతో వేరు చేసే పెట్టాను.

చీనీతోట_అనంత | శనివారం, ఉదయం 7:20

తిరుపతిలో సిల్లా పురుగులు, ఆకులు రెండూ తీసుకున్నారు. ఏ ప్రైమర్లు వాడతారని అడిగాను. అడిగినందుకు అక్కడి మేడం కూర్చోబెట్టి చూపించింది. ఫలితం ఇంకా రాలేదు.

ఆముదంచేను | శనివారం, రాత్రి 8:45

దోమల డ్యూటీ గారూ, వచ్చే బుధవారం మధ్యాహ్నం రండి, ల్యాబ్ ఖాళీ. పిల్లలే మీ ట్యూబులు తీసుకుంటారు. పాజిటివ్ కంట్రోల్ పెట్టె అప్పటిదాకా వేరే గదిలో తాళం వేసి ఉంటుంది.

చీనీతోట గారూ, ఫలితం ఏదైనా ఇక్కడ రాయండి, మేమందరం చూస్తుంటాం.

పిప్పెట్ గారూ, పాత డీఎన్ఏ 12 మైక్రోలీటర్లు మిగిలింది. రేపు మెసేజ్ పెడతాను.

అట్లాంటా గారూ, ఈగలు అననాసేనే అనిపిస్తోంది, మగవాటి ముందుకాళ్ళ మీది దువ్వెనలాంటి ముళ్ళ వరుస చూసి పోల్చుకున్నాం. పద్నాలుగు సీసాల్లో విడివిడిగా పెంచితే పదకొండు పాజిటివ్, మూడు నెగటివ్. నెగటివ్ సీసాల నుంచి కన్నె ఆడ ఈగల్ని ఏరి, పాజిటివ్ మగవాటితో నిన్న కలిపారు. బొంబాయి రవ్వ, బెల్లం మేత, మూతకి దూది. సీసాల మీద తేదీలు వేసి స్టాఫ్‌రూమ్ బీరువాలో పెట్టాం, అక్కడ చల్లగా ఉంటుంది. ఈ నెలాఖరుకి పిల్లలు బయటికి వస్తాయి.